మిగతాది సాయంత్రం

షరీఫ్ ఏదీ ఒక్కసారిగా ఇవ్వడు. మిఠాయైనా, ముచ్చటైనా, వార్తైనా వాయిదాల మీదే. ఎనభైల్లో ఎమ్మిగనూరులో మాది ఒకే వీధి. రోజూ ఒకే బస్సులో ఆదోని కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్లేవాళ్లం. అతను కెమిస్ట్రీ, నేను ఫిజిక్స్. పొద్దున బస్సెక్కగానే ఒక జోకు మొదలుపెట్టి, సరిగ్గా నవ్వు రావలసిన చోట ఆపి, "మిగతాది సాయంత్రం" అనేవాడు. పగలంతా నా ప్రాణం కొట్టుకునేది.

"మా నిఖా రోజు ఒప్పుకున్నానని మూడుసార్లు ఖుబూల్ అనాల గదా, ఈయన ఒకటి సెప్పి, సర్బత్తు తాగి, నింపాదిగా రెండోది సెప్పినాడు. మూడోది వచ్చేలోగా మా అబ్బాకు సెమటలు పట్టినాయి," అని అతని భార్య కుల్సుంబీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది.

"ఒకేసారి ఇస్తే ఒంటికి పట్టదప్పా!" అనేవాడు షరీఫ్. అతని పరిశోధన కూడా అదే. నీళ్లలో సబ్జా గింజలా ఉబ్బే జెల్లు తయారుచేసి, అందులో కంటిమందు నింపాడు. కంట్లో పెడితే రోజంతా మందు కొంచెం కొంచెంగా ఊరాలి. కానీ బయటికొచ్చేది అదే మందా, లోపలే చెడిపోయి ఇంకేదో అయిందా? అది తేల్చాలంటే అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. అది హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ఉంది. ఎంతో బతిమాలగా వాళ్లు రమ్మన్నారు. జెల్లు నానిన నీళ్లు సీసాలో పోసి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

తిరిగొచ్చిన పొద్దున బస్టాండులోనే పట్టుకున్నాను. ముఖం వెలిగిపోతోంది.

"ఏమైందప్పా?"

"యంత్రం శానా పెద్దది."

"ఫలితం చెప్పు!"

"దాన్ని తుడిచే గుడ్డ గూడా తెల్లగా ఉండాది."

పీక పిసకాలనిపించింది. అతను ఇంటికైనా పోకుండా, మగ్గం నేసే హులిగమ్మ ఇంట్లో దూరాడు. వెనకే నేనూ దూరాను.

హులిగమ్మకు కంట్లో నీటికాసులు, అంటే గ్లాకోమా. చుక్కల మందు మానితే చూపు పోతుందని డాక్టరు చెప్పినా, మంట పుడుతుందని సీసా చూస్తేనే ఆమె పారిపోయేదని వీధంతా తెలుసు. అలాంటిది షరీఫ్‌ను చూడగానే తల వెనక్కి వాల్చి, తనే కన్ను తెరిచింది.

"నిన్న కుల్సుంబీ సుక్క ఏసింది గానీ కథ సెప్పలే. యంత్రం ఏం సేసింది?"

షరీఫ్ చుక్క వేశాడు. "సీసాలోని నీళ్లు యంత్రంలో పోసినారక్కా. కాగితం మీద గీతలు గీయబట్టింది..."

"ఆ?"

"మిగతాది సాయంత్రం సుక్కకి."

అప్పుడర్థమైంది నాకు, ఈ వాయిదాలన్నీ ఎవరి కోసం సాధన చేస్తున్నాడో. మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది.

"సాయంత్రం దాకా ఆగలేనప్పా! ఇప్పుడే ఇంకో సుక్క ఏయ్!" అంది హులిగమ్మ.

షరీఫ్ పకపకా నవ్వి, జన్మలో మొదటిసారి అంతా ఒకేసారి చెప్పేశాడు. "అదే మందక్కా! ఏం సెడలేదు! ఇంకా పరీక్షలు శానా ఉండాయి, ఏండ్లు పడుతుంది గానీ, అదే మందు!"

నేను ఎగిరి గంతేశాను. హులిగమ్మ కళ్లు తుడుచుకుంది.

"మంచిదే గానీ, మరి సాయంత్రం ఏం సెప్తావు?"

షరీఫ్ తల గోక్కున్నాడు. "హైదరాబాదులో నేను దారి తప్పినాను గదా, అప్పుడు ఒకాయన నన్ను పట్టుకుని..." అని ఆపాడు.

ఆ సాయంత్రం షరీఫ్ కంటే ముందే వెళ్లి హులిగమ్మ అరుగు మీద కూర్చున్నాను.