కల్వర్టు దగ్గర ఆపిన జీపు

ఆరేళ్ళుగా ఒక మాట నాలో బరువుగా ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి చెప్పే అవకాశం ఒకసారి కాదు, ఎన్నోసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అబద్ధమే చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు చేయి కదులుతోంది.

విన్నాక, ఓస్, ఇంతేనా అని మీరనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకోవాలని చూశాను. కుదరలేదు.

ధర్మారావు నా చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. నాది కాశీబుగ్గ. హైస్కూల్లో ఒకే బెంచీ. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. చదువయ్యాక నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. అతను కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాడు.

వాళ్ళ నాన్నకు ఒక జీపు ఉండేది. కొబ్బరికాయలు పలాసకు వేసుకెళ్ళే పాత బండి. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే రకం కాబట్టి ఇసుకలో దిగబడినా లేచి వచ్చేది. చిన్నప్పుడు మమ్మల్ని కాయల మీద కూర్చోబెట్టి సముద్రం దాకా తీసుకెళ్ళేవాడాయన. ఆయన పోయాక జీపు జీడితోటలో ఓ మూల పడి ఉంది. తర్వాత మా వైపు ఊళ్ళన్నిటినీ ఊడ్చేసిన పెద్ద తుఫానుకు తోటంతా కూలిపోయి, చెట్లు నరికి తీస్తుంటే, కొమ్మల కింద మళ్ళీ బయటపడింది. కాళ్ళు పెట్టుకునే చోట రేకు జల్లెడైపోయింది. బానెట్టు ఎత్తబోతే తుప్పు పెళ్ళలుగా ఊడి చేతిలోకి వచ్చింది.

అప్పటికే ధర్మాకి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఆ జబ్బు చూడని వీధి తక్కువ. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునేవాడు. తోట పోయింది, ఒళ్ళు పోయింది. అలాంటివాడు ఆ తుక్కుబండిని చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. దీన్ని బాగుచేద్దామన్నాడు. డేరా, వంటసామాను వేసుకుని, ఒక డయాలసిస్‌కీ ఇంకో డయాలసిస్‌కీ మధ్య దొరికే రోజు సముద్రం ఒడ్డున ఉండి వద్దామన్నాడు. అతను అడిగింది అంతే. ఒక్కరోజు.

జీపును ట్రాక్టరుకి కట్టి కాశీబుగ్గలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకి తెచ్చాం. మొదటి రెండు నెలలూ ధర్మా డయాలసిస్ అయ్యాక షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. మెడ దగ్గర డయాలసిస్ గొట్టం మీద పట్టీ, చేతిలో గరుకు కాగితం. బానెట్టును రుద్దేవాడు, అలిసిపోయేవాడు, మళ్ళీ రుద్దేవాడు. ఏ బోల్టు ఎటు తిప్పితే వదులవుతుందో వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నదంతా నాకు చెప్పేవాడు. తర్వాత ఓపిక తగ్గి రావడం మానేశాడు.

నేను మానలేదు. ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకే వెళ్ళేవాణ్ణి. జీవితమంతా ఫైళ్ళు కట్టలు కట్టినవాణ్ణి. నా చేతులతో ఒక వస్తువు బాగుపడటం అదే మొదటిసారి చూశాను. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు అతికించాం. ఎర్ర ప్రైమరు వేశాం. దాని మీద వాళ్ళ నాన్న నాటి ఆకుపచ్చ రంగే వేశాం. ఆ జీపు గురించి మాట్లాడేటప్పుడు నా నోట 'ధర్మా బండి' అన్న మాట ఎప్పుడు 'మా బండి' అయిందో, 'మా బండి' ఎప్పుడు 'నా బండి' అయిందో నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదా? తెలిసే ఉంటుంది.

చివరికి గేరుపెట్టెలో ఒక భాగం దొరక్క పని నెలరోజులు ఆగింది. అది అబద్ధం కాదు. ధర్మా ఫోన్ చేస్తే సామాను రాలేదని నిజమే చెప్పాను. ఆ తర్వాత సామాను వచ్చింది. మెకానిక్ బిగించాడు. ఆ మధ్యాహ్నమే నౌపడ ఉప్పుమడుల పక్క రోడ్డు మీద ఒక్కణ్ణే నడిపాను. నాలుగు చక్రాలూ పట్టు బిగించి బురదలోంచి బండి పైకి లేస్తుంటే గట్టిగా అరిచాను. సాయంత్రం ధర్మా ఫోన్ చేసి, సామాను వచ్చిందా బావా అని అడిగాడు.

రాలేదన్నాను.

ఎందుకన్నాను? ముందు బాగా నడిపి చూసి, ఓ రోజు గుమ్మం ముందు ఆపి ఆశ్చర్యపరుద్దామని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. మరుసటి శనివారం ఆఫీసు మిత్రులిద్దర్ని ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాను. డేరా వేశాం, చేపలు కాల్చుకున్నాం. అలా నాలుగుసార్లు వెళ్ళాం. ధర్మా అడిగిన ప్రతిసారీ సామాను రాలేదు.

దారిలో అతనికేమైనా అయితే వాళ్ళవాళ్ళకి ఏం జవాబు చెప్పాలి అని కూడా అనుకున్నాను. అది సగమే నిజం. అతను పక్కన కూర్చుంటే, ఆ వాపు ముఖం, ఆ వాంతులు, గుక్క నీళ్ళు లెక్కపెట్టుకుని తాగే ఆ మనిషి పక్కన కూర్చుంటే, నా సంతోషం పాడవుతుందని నా భయం. బండి తయారైందని తెలిస్తే అది మళ్ళీ వాళ్ళ వాకిట్లోకి వెళ్ళిపోతుందని ఇంకో భయం. ఇవీ అసలు కారణాలు. ఇంకేమీ లేవు.

అయిదోసారి వెళ్ళేముందు, ధర్మాని చూసి ఎన్నాళ్ళయిందో అని, అతని ఇంటి దగ్గర ఆగాలనిపించింది. మిత్రులు బైకు మీద ముందే ఒడ్డుకి వెళ్ళారు. నేను జీపును ఊరి బయట కల్వర్టు దగ్గర, కొబ్బరిచెట్ల చాటున ఆపాను. తాళం జేబులో వేసుకుని నడిచి వెళ్ళాను. పొద్దున్న తొమ్మిదయి ఉంటుంది. ధర్మా వరండాలో మంచం మీద ఉన్నాడు. అతని భార్య సరోజ లోపల పనిలో ఉంది.

"రా బావా, కూకో. ఎలాగొచ్చావు?"

"బస్సుకి."

"ఇందాక ఓ బండి సప్పుడు ఇనపడింది బావా. అచ్చం మా నాన్న జీపులాగే ఉన్నాది. సరోజని పిలిసి సూడమన్నాను. ఏటీ నేదంది."

"ట్రాక్టరేమో."

"ట్రాక్టరు సప్పుడు నాకు తెల్దేటి?" అని కాసేపు రోడ్డు వైపు చూశాడు. "పోన్లే. సామాను వొచ్చిందా?"

"ఇంకా నేదు బావా. వచ్చే వారమంతన్నారు."

"తొందరేటుంది? నువ్వు మాత్రం ఒల్లు సూసుకో. నా బండి కోసం ఎండలో తిరిగి తిరిగి ఎంత నల్లగైపోనావో సూడు."

నా ఒళ్ళు నల్లబడింది సముద్రం ఒడ్డున. అతను నా చేయి పట్టుకున్నాడు. అరచేయి చల్లగా, మెత్తగా ఉంది. కల్వర్టు అక్కడికి నాలుగు నిమిషాల నడక. తీసుకొచ్చి వాకిట్లో ఆపితే చాలు. ఎక్కలేకపోయినా చూసేవాడు. ఆ చేయి విడిపించుకుని, బస్సు టైమయిందని లేచాను. మిత్రులు ఎదురుచూస్తున్నారు మరి.

పదకొండు రోజులకి ధర్మా చనిపోయాడు.

దినకార్యాలయ్యాక సరోజ జీపు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన కోసం అంత కష్టపడ్డావు, ఆయన గుర్తుగా నువ్వే ఉంచుకో అన్నయ్యా అంది. తీసుకున్నాను. తీసుకుని, మరో నెల జీపును షెడ్డులోనే దాచి, అప్పుడే పూర్తయినట్టు బయటికి తీశాను. స్నేహితుడి చివరి కోరిక తీర్చిన మనిషినని ఊళ్ళో చాలామంది నన్ను మెచ్చుకున్నారు. తల వంచుకుని విన్నాను. సిగ్గుతో వంచానని వాళ్ళకి తెలియదు. వినయమనుకున్నారు.

సరోజ ఇప్పుడు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పోయినేడు ఎలాగైనా చెప్పేయాలని భోజనం వేళ గేటు దగ్గరికి వెళ్ళాను. జీడిపిక్కల నూనెకి ఆమె వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నన్ను చూడగానే పక్కవాళ్ళని పిలిచి, మాయన కోసం సివరిదాకా తిరిగిన అన్నయ్య ఈయనే అని చెప్పింది. వాళ్ళకి నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆమెకు మిగిలిన ఆ కాస్త మంచి నమ్మకాన్ని పాడుచేయకూడదని చెప్పలేదా? నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పలేదా? ఎంత తవ్వినా నాకు రెండోదే కనిపిస్తోంది.

జీపు నా ఇంటి పక్క రేకుల కింద ఉంది. నడపడం మానేశాను. అమ్మలేను. తిరిగి ఇవ్వాలంటే ఎందుకో చెప్పాలి. ఈసారి వానలకి కాళ్ళ దగ్గర మళ్ళీ తుప్పు మొదలైంది. నేను తుడవలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ తినేస్తోంది. ధర్మాకి తెలుసా? పుట్టినప్పటి నుంచీ విన్న బండి శబ్దాన్ని అతను పోల్చుకోలేడా? తెలిసే, నా పరువు నిలబెట్టడానికి ట్రాక్టరు మాటని వదిలేశాడా? తెలిసే నా చేయి పట్టుకున్నాడా? తెలియకపోతే నేను మోసం చేశాను. తెలిస్తే, అంతకంటే ఘోరం. ఏది నిజమో నాకు చెప్పగలిగినవాడు లేడు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆ పొద్దున్న మంచం పక్కన కూర్చుని అనవలసిన మాటని ఇక్కడ రాస్తున్నాను.

బండి ఎప్పుడో తయారైంది బావా. కల్వర్టు దగ్గర ఆపి వచ్చాను.

ఇది రాసి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇంతకుముందు రెండుసార్లు రాసి కొట్టేశాను. ఈసారి కొట్టెయ్యను.