గాలికి నిలవడే మా వియ్యంకుడు

పొద్దుగాల ముత్తంగి నుంచి ఫోన్ వచ్చింది. మా కోడలి తమ్ముడు ఏడ్సుకుంట, "మామా, మా నాయిన పోయిండు" అన్నడు. "ఎటు పోయిండు, మీ అమ్మకు చెప్పే పోయిండా?" అన్న నేను. అవతల పిలగాడు బోరుమన్నడు. అప్పుడు సమజైంది నాకు.

నా మీద కోపానికి రాకుండ్రి. గీ ఆట మొదలువెట్టిందే నేను. పోయినేడు మా వియ్యంకునింటికి ఫోన్ జేసి, "మీ బావ సచ్చిండు, జల్దీ రమ్మను" అన్న. పాపం మనిషి ఆటోల ఉరికొచ్చిండు. నేను అరుగు మీద కూసోని బొక్క చీకుతున్న. "రా బావా, నా సావుకూడు తిందువు" అన్న. చెప్పు దీసి నా మీదికి ఇసిరిండు. మళ్ళ గదే చెప్పు ఏరుకొచ్చి తొడుక్కోని, పక్కన కూసోని తిన్నడు. ఈసారి బదులు తీర్చుకుంటున్నడేమో అనుకున్న. పాడె లేపేదాంక మొఖం దిక్కే చూసిన. లేవలే.

నేను ఐదో తరగతి దాంక చదివిన. ఈ రాతల తప్పులుంటే మా మనవరాలు దిద్దుతది. దిద్దకపోతే అది ఆమె తప్పు.

మా వియ్యంకుడంటే మా కోడలి తండ్రి. పటాన్‌చెరు కంపెనీల మిషన్ కాడ పనిజేసి దిగిపోయిండు. దిగినంక గూడ కంపెనీ టోపీ నెత్తి మీదనే ఉండేది. "బావా, కంపెనీ నిన్ను ఇడిసింది, నువ్వు టోపీని ఎప్పుడు ఇడుస్తవ్?" అంటే, "నీ బట్టతల మీద పెట్టి ఇడుస్త" అనేటోడు.

మా ఇద్దరికి కలిపి ఒక్కతే మనవరాలు. పుట్టంగనే కాళ్ళల్ల బలం తక్కువైంది. రెండు కర్రలు పట్టుకోని నడుస్తది. నోట్ల మాత్రం బలానికి తక్కువ లేదు, నా పోలిక.

ఆమెతోని ఎటు పోయినా మా వియ్యంకుడు "మెల్లగ రా బిడ్డా" అన్న మాట అనలే. నాలుగడుగులు ముందు పోయి నిలవడేటోడు. గోడ మీది పోస్టర్ చూస్తున్నట్టు, లారీ నంబర్ చదువుతున్నట్టు. ఆమె కలిసినంక మళ్ళ నడిచేటోడు. "ఏం తాతా, నిలవడ్డవ్?" అంటే, "ఏం లేదు బిడ్డా, గాలికి" అనేటోడు. ముత్తంగి చౌరస్తల గాలెక్కడిది? లారీల పొగ, దుమ్ము. నేను పక్కపొంటి నవ్వుతుంటి.

పెండ్లిల్ల, పేరంటాల్ల చుట్టపోళ్ళు ఊకుంటరా? "పిల్ల పని ఏమన్న చేసుకుంటదా?" అని అడుగుతరు. ఆయన జవాబు ఒక్కటే: "మా పిల్లకేం తక్కువ లేదు. అందరి లెక్కనే అన్నీ చేసుకుంటది." పుట్టినకాన్నుంచి గదే మాట. నాలిక మీద అరిగిపోయింది.

గా మాటే కొంప ముంచింది.

పిల్లకు యూనివర్సిటీల సీటొచ్చింది. పేరు రాయను, రాస్తే మళ్ళ గదే ఆఫీసుకు పిలుస్తరు, నా మోకాళ్ళకు ఓపిక లేదు. హాస్టల్‌ల కింది గది కావాలని అడగనీకి మేమిద్దరం తాతలం పోయినం. మా కొడుకుకు డ్యూటీ. కుర్సీల ఉన్న సారు తలకాయ లేపకుండనే అడిగిండు, "పిల్ల మెట్లు ఎక్కుతదా?"

మా వియ్యంకుడు టోపీ సవరించుకున్నడు. "ఎక్కుతది సార్. మా పిల్లకేం తక్కువ లేదు. అందరి లెక్కనే అన్నీ చేసుకుంటది."

"మరింకేంది పెద్దమనిషీ" అన్నడు సారు. రెండో అంతస్తుల ఏసిండు.

బయట పిల్ల అడిగింది, "లోపట ఏం చెప్పినవ్ తాతా?"

"నీ ఇజ్జత్ కాపాడిన బిడ్డా."

"మంచిగ చేసినవ్. ఇగ నేనూ నా ఇజ్జత్ ఇద్దరం రెండో అంతస్తు ఎక్కుతం" అన్నది. నేను పడి పడి నవ్విన. ఆయన నవ్వలే.

ఆడపిల్లల హాస్టల్ గేటు మగోళ్ళు దాటొద్దు. ఐతారం నాడు వాచ్‌మన్ బల్ల మీద కూసుంటే పిల్లే దిగి వచ్చేది. ఒక ఐతారం మా వియ్యంకుడు ఇంటికాన్నుంచి సీసల మజ్జిగ తెచ్చిండు. ఆమెకు పానం గా మజ్జిగంటే. వద్దన్నది. మొఖం పీక్కపోయి ఉన్నది. ఆయన మళ్ళ మళ్ళ బతిమిలాడిండు.

"తాగితే లేవాలె తాతా. లేస్తే బాత్‌రూం దాంక తడి గచ్చు మీద పోవాలె. నేను నీళ్ళే తగ్గించిన. రాత్రి మెస్సుకు దిగుడు బంద్ జేసిన" అన్నది. మామూలుగ చెప్పింది, బస్సు లేటైందని చెప్పినట్టు.

ఆయన సీస మూత బిగించి మళ్ళ సంచిల పెట్టుకున్నడు.

తెల్లారి మళ్ళ ఆఫీసుకు పోయినం. సారుకు మా మొఖాలు గుర్తున్నయి. "ఆనాడు అన్నీ చేసుకుంటదన్నవ్ కదా? ఇప్పుడేం చేసుకోదు? ఒక్కొక్కటి చెప్పు" అన్నడు. మా ఎనుక లైన్ల పిల్లలు, తల్లిదండ్రులు నిలవడ్డరు. మా వియ్యంకుడు టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. నాకు తెలిసి మొదటిసారి.

"బకెట్ మోసుకోలేదు సార్. కింద కూసుంటే లేవలేదు. తడిల నిలవడలేదు."

"గట్టిగ చెప్పు, ఇనొస్తలేదు."

గట్టిగ చెప్పిండు. అందరు ఇన్నరు. అంత చెప్పిచ్చుకోని సారు అన్నదేంది? "ఖాళీ అయితే చూస్తం."

కింద ఒక గది ఉన్నదని, అండ్ల ఇరిగిన మంచాలు ఏసి తాళం పెట్టిండ్రని పిల్ల చెప్పింది. ఇరిగిన మంచాలు పాపం మెట్లు ఎక్కలేవు కదా. సదువుకున్నోళ్ళు, వాటి బాధ వాళ్ళకు తెలిసింది.

బయటికొచ్చినంక నేను ఏదో అనబోయిన. "బావా, ఇయ్యాల నువ్వు ఏమనకు" అన్నడు. గేటు కాడ పిల్లను చూసి కండ్లు దించుకున్నడు. "నా నోటితోనే నిన్ను నలుగుట్ల తక్కువ చేసిన బిడ్డా."

పిల్ల ఒక కర్ర గోడకు ఆనిచ్చి, ఆయన చేతుల ఉన్న టోపీ తీసి ఆయన నెత్తి మీదనే పెట్టింది. "నువ్వు నన్ను తక్కువ చెయ్యలే తాతా. వాళ్ళ మెట్లు ఎక్కువున్నయని చెప్పినవ్, అంతే."

అటెన్క ఆయన ఒక్కడే తిరిగిండు. పోయినప్పుడల్ల "రేపు రా", "వార్డెన్ మేడం లేదు", "మీటింగ్". వచ్చి నాతోని అనేటోడు, "బావా, సిగ్గువడాల్సింది అడిగే నేను కాదు, చెప్పిచ్చుకునేటోళ్ళు." ఆ మాట అన్న వారం దినాలకే గుండె ఆగింది.

దినాలైనంక పిల్ల హాస్టల్‌కు పోయింది. మేడం పిలిచి, "మీ తాతయ్య పోయిండంట, చాలా బాధైంది" అని తాళంచెవి చేతుల పెట్టింది. ఇరిగిన మంచాల గదే. బతికి అడిగితే లేని గది, సస్తే దొరికింది. గంత రేటని ముందే చెప్తే, ఎవలు ముందు పోవాల్నో మేమిద్దరం చీటీలేసుకుంటుంటిమి.

గది కింద ఇచ్చిండ్రు. ఆమె కూసోనొచ్చే కమోడ్ మాత్రం మొదటి అంతస్తులనే ఉన్నది.

మొన్న మళ్ళ పోయినం. "నువ్వు మాట్లాడకు తాతా, నీకు ఎటకారమెక్కువ. నేనే చెప్త" అన్నది పిల్ల. ఆఫీసును గూడ వాళ్ళు మేడ మీదికి మార్చిండ్రు. పిల్ల కర్రలు టకటకమనుకుంట ముందు ఎక్కుతున్నది. నేను రెయిలింగ్ పట్టుకోని, మోకాలు తిట్టుకుంట ఎనుక పడ్డ. మలుపు కాడ ఆమె నిలవడ్డది. అక్కడ కిటికీ లేదు, ఫ్యాన్ లేదు. పెచ్చులూడిన గోడ ఉన్నది. గోడ దిక్కే చూసుకుంట నిలవడ్డది.

"ఏమే, ఎందుకు నిలవడ్డవ్?" అన్న, రొప్పుకుంట.

మొఖం ఇటు తిప్పలే.

"ఏం లేదు తాతా, గాలికి."