నాకు బద్లీ మా అవ్వ

ఆ దినాల్లో ఎవురన్నా "ఏం చదువుతాండావు మే" అని అడిగితే, "ఎం.కామ్" అని ఒక్క మాట చెప్పి, వాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోపల ఆడినుంచి జారుకుంటాంటి. ఎన్ని క్రెడిట్లు అయినాయి, ఓపెన్ ఎలెక్టివ్ ఏంది, ఇంటర్నల్స్‌కు ఎంత, ఎక్స్‌టర్నల్స్‌కు ఎంత అని అడిగితే నాకే తెలీదు గదా. చదువు కష్టమని మా ఊర్లో అందరూ చెప్పినారు. చదువు కాదప్పా కష్టం, మనం చదువుతాండామని యూనివర్సిటీకి నమ్మకం కుదిర్చేది కష్టం అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పేదానికి మా ఇంట్లో నాకంటే ముందు ఆ గడప తొక్కినోళ్ళు ఉండాల గదా. చేరిన దినమే ఒక లావు పుస్తకం చేతిలో పెట్టినారు, నియమావళి అంట. ఒక పక్క కన్నడం, ఇంకో పక్క ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది కన్నడం. కన్నడంలో అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో చూస్తే, కన్నడంలో అంతో ఇంతో అర్థమయినట్టు అనిపించింది కూడా పోతాండె. ఎలెక్టివ్‌కు ఫోన్లో మనశ్శాస్త్రం అని నొక్కితే జర్నలిజం వచ్చె. ఆఫీసులో అడిగితే "నువ్వు కోరుకున్నది అదే అని కంప్యూటర్లో ఉండాది" అన్నారు. కంప్యూటరు చెప్తాందంటే కోరుకున్నానేమో అని నేనూ నమ్మినా. (నా మనసు సంగతి తెలుసుకుందామని మనశ్శాస్త్రం అడిగినదాన్ని, నా మనసులో ఏముందో ఆఫీసోళ్ళే చెప్పినారు.)

మాది కర్ణాటకలో సండూరు పక్కన యశ్వంతనగర్. నాయన టిప్పరు డ్రైవరు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వయసులో ఉన్నన్నాళ్ళూ మైన్సులో, అంటే ఇనుప గనుల్లో, రాయి కొట్టి, తట్టతో లారీలకు ఎత్తిన మనిషి. మిషన్లు వచ్చినాక ఆ పనులు పోయినాయి గానీ, ఆమె కోకలకు పట్టిన ఎర్రరంగు ఎంత ఉతికినా పోలేదు. ఆమెకు లోకంలో రెండే రకాల మనుషులు: హాజరీ నిలబెట్టుకున్నోళ్ళు, హాజరీ పోగొట్టుకున్నోళ్ళు. మైన్సులో తెల్లారుతానే మేస్త్రి పేర్లు పిలుస్తాండె. పలికితే ఆ దినం నీది, పలకకుంటే కాదు. ఒంట్లో బాగలేక ఇంట్లో పండుకుంటే, ఆ ఇంటి నుంచే ఇంకొకరు పోయి ఆ పేరుకు పలికి, ఆ తట్ట మోసేవాళ్ళు. దాన్నే బద్లీ అంటారు. అక్కకు చెల్లెలు, అత్తకు కోడలు. మేస్త్రికి అది దొంగతనం కాదు, పద్ధతి. బద్లీని పంపకుండా ఇంట్లో కూర్చున్నోళ్ళనే తిట్టేవాడంట, "మీ ఇంట్లో మనుషులు లేరా" అని.

రెండో సెమిస్టర్లో నాకు కామెర్లు వచ్చినాయి. సండూరు ఆసుపత్రిలో పండేసి సలైన్ ఎక్కించినారు. కండ్లు, గోర్లు, ఆఖరుకు నాకు కనపడే గోడ కూడా పచ్చగా ఉండె. (గోడకు పచ్చ సున్నమే కొట్టినారని తర్వాత తెలిసింది.) ఒంటి కంటే మనసు ఎక్కువ గాబరా పడింది. క్లాసులకు నూటికి డెబ్బై ఐదు హాజరు లేకుంటే హాల్ టికెట్ ఇయ్యరు. హాల్ టికెట్ లేకుంటే సెమిస్టరు గోవిందా. సెమిస్టరు పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతాది, అది ఆగితే నన్ను చదివించేది నాయన చేతుల్లో లేదు. దుప్పటి కప్పుకొని ఏడుస్తాంటే అవ్వ వచ్చి తల దగ్గర కూర్చునింది.

"ఏంటికేడుస్తాండావు పాపా? సూది నొప్పిగా ఉందా?"

"సూది కాదు అవ్వా. హాజరీ పోతాంది."

"యాడ? కాలేజీలోనా? ఆడ కూడా పేర్లు పిలుస్తారా?"

"నంబర్లు పిలుస్తారు."

"పలకకుంటే?"

"కొట్టేస్తారు. నిండా పోతే పరీక్ష రాయనియ్యరు."

"అంతేనా," అనింది అవ్వ. నా రోల్ నంబరు ఎంతని అడిగింది. జరంలో చెప్పేసినా. ముసలామె ఊరికే అడుగుతాందిలే అనుకున్నా. మరుసటి దినం నుంచి అవ్వ పగలు కనపడకపాయె. సాయంత్రం చేతి సంచితో ఆసుపత్రికి వస్తాండె. యాడికి పోతాండావని అమ్మ అడిగితే "పనుండాది" అంటాండె. ముసలోళ్ళకు ఏం పనులుంటాయో ఎవురికి తెలుసు. నన్ను ఇంటికి పంపించినాక ఆమె పని కూడా నిలిచిపాయె. అప్పటి నుంచి నా పక్కనే కూర్చొని, ఉప్పులేని గంజి తాగమని నా ప్రాణం తీసింది.

లేచి తిరిగే శక్తి వచ్చినాక, డాక్టరు రాసిన సర్టిఫికెట్ పట్టుకొని యూనివర్సిటీ ఉండే బళ్ళారికి బస్సెక్కినా. మా ఆఫీసులో ఒక గుమాస్తా ఉండె. ఏం అడిగినా "నాళె బా" అనేవాడు, అంటే రేపు రా అని. మేమంతా చాటుగా ఆయనను నాళప్ప అంటాంటిమి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, రూలు పుస్తకం ఒప్పుకున్నా నాళప్ప ఒప్పుకోవాల. ఆ దినం మాత్రం ఆయన నాళె అనలేదు. సర్టిఫికెట్ చూసినాడు, కంప్యూటరు చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళ సర్టిఫికెట్ చూసినాడు.

"ఏమ్మా, ఈ దినాలు ఆసుపత్రిలో ఉంటివా?"

"ఉంటి సార్. సలైన్ ఎక్కిస్తాండ్రి."

"ఇదే దినాలు పొద్దున క్లాసులకు ప్రెజెంట్ ఉండాది. సలైన్ ఎక్కేటోళ్ళు క్లాసులో యట్ల కూర్చుంటారమ్మా?"

"అదే నేనూ అడుగుతాండా సార్."

నిజంగానే అడిగినా. జరంలో నేనే లేచొచ్చినానేమో అని ఒక నిమిషం నా మీద నాకే అనుమానం వచ్చె. నాళప్ప ఓపిగ్గా విడమరిచి చెప్పినాడు. (ఆయనకు ఓపిక వచ్చిందంటేనే భయపడాల.) ప్రెజెంట్ పడిన దినాలన్నీ లెక్కేసినా నాకు షార్టేజీనే. సర్టిఫికెట్ ఒప్పుకుంటే గట్టెక్కుతా. సర్టిఫికెట్ ఒప్పుకోవాలంటే ఆ దినాలు నేను రాకుండా ఉండాల. వచ్చినానని కంప్యూటరు చెప్తాంది కాబట్టి సర్టిఫికెట్ దొంగది. దొంగ సర్టిఫికెట్ పెట్టినోళ్ళ సంగతి కమిటీ చూసుకుంటాది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏందో ఆ కిటికీ ముందర నిలబడి తెలుసుకున్నా.

ఏడుపు మొగంతో క్లాసులోకి పోయి ముందు బెంచీలో కూర్చోబోతే నా స్నేహితురాలు చెయ్యి అడ్డం పెట్టి, "ఆడ వద్దు మే, అది మీ అవ్వ చోటు. ఆమె మళ్ళ ఎప్పుడొస్తాది? బొరుగుల ఉగ్గాని తెస్తానని చెప్పింది" అనింది. నాకు మళ్ళ కామెర్లు తిరగబెట్టినట్టు అయింది. నేనే పంపించినానని వాళ్ళంతా అనుకున్నారంట. పొద్దున క్లాసులు రెండూ మా గెస్ట్ సారువి, అంటే టెంపరరీ లెక్చరరువి. రాయదుర్గం నుంచి కొత్తగా చేరిన కుర్ర మనిషి. తెల్లకోక కట్టుకొని, సంచి ఒళ్ళో పెట్టుకొని ముందు బెంచీలో కూర్చున్న ముసలామెను చూసి, ఎవురు నువ్వని అడిగినాడంట. "మా పాపకు బద్లీ వచ్చినా నాయనా" అని మర్యాదగా లేచి నిలబడి చెప్పిందంట. మా సారు రోంతసేపు పైకప్పు చూసి, "సరే, కూర్చోండి" అని, నా నంబరు వచ్చినప్పుడు అవ్వ "ఉండా" అంటే ఫోన్లో ప్రెజెంట్ నొక్కినాడంట.

ఆ దినం ఇంటికి పోయి అవ్వను నిలదీసినా. "ఇది మైన్సు కాదు అవ్వా, యూనివర్సిటీ" అంటి. అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతా, "హాజరీ ఉందా లేదా?" అనింది. ఉంది అంటి. "పిలుస్తారా లేదా?" పిలుస్తారు. "పలకకుంటే కొట్టేస్తారా లేదా?" కొట్టేస్తారు. "మళ్ళ ఇంగేంది తేడా?" నేనూ పక్కన కూర్చొని రాళ్ళు ఏరినా. 

కమిటీ అంటే మా డిపార్ట్‌మెంటు పెద్ద మేడమ్ రూము. మేడమ్, నాళప్ప, గెస్ట్ సారు, నేను, అవ్వ. మేడమ్ ముందర నియమావళి తెరిచి ఉండె. పరీక్షలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటే డిబార్ చేయాలని ఉండాది గానీ, క్లాసులో మనవరాలి బదులు అవ్వ కూర్చుంటే ఏం చేయాలో ఎంత వెతికినా దొరకలేదు. మేడమ్ కన్నడంలో పుటలు తిప్పి, ఇంగ్లీషులో తిప్పి, కండ్లద్దాలు తీసేసింది. నా ఒక్కదానికే కాదు, అందరికీ ఆ పుస్తకం అట్లే ఉండాదని ఆ దినం కొంచెం ధైర్యం వచ్చె.

"తల ఎత్తి చూసి కూడా ప్రెజెంట్ వేసినారా?" అని సారును అడిగింది మేడమ్.

సారు గొంతు సవరించుకొని, "వారానికొక కొత్త సర్క్యులర్ వస్తాంది గదా మేడమ్. ఇది కూడా వచ్చిందేమో, నేనే చూసుకోలేదేమో అనుకున్నా. అడిగితే తెలీదని బయటపడతానని..." అని ఆపేసినాడు.

 మేడమ్ నాళప్ప వైపు వొంగి, మెల్లగా, "అట్లాంటిదేమన్నా వచ్చిందా?" అని అడిగింది. "గమనించలేదు మేడమ్, నాళె చూస్తా" అన్నాడు నాళప్ప.

ఆఖరుకు తేలిందేమంటే, ఆ దినాలు క్లాసులో కూర్చున్నది నేను కాదని, తనేనని అవ్వ తన నోటితో చెప్పాల. అప్పుడు నా ప్రెజెంట్లన్నీ కొట్టేసి ఆబ్సెంట్ వేస్తారు. ఆబ్సెంట్ పడితే సర్టిఫికెట్ నిజమైతాది, హాల్ టికెట్ వస్తాది. ప్రపంచంలో అందరూ హాజరు వేయమని కాళ్ళు పట్టుకుంటాంటే, నేను మాత్రం ఆబ్సెంట్ వేయమని చేతులు జోడించుకొని నిలబడింటి. ఇదంతా అవ్వకు తెలుగులో విడమరిచి చెప్పినా. అవ్వ మొగం ఎర్రగా అయింది.

"హాజరీ కొట్టేయమని నా నోటితో చెప్పల్లా? అరదినం కొట్టేసినాడని మేస్త్రి కాలరు పట్టుకున్నదాన్ని నేను. పడిన హాజరీని కొట్టేయమని ఎవురన్నా అడుగుతారామ్మే?"

"అడక్కుంటే నాకు పరీక్ష లేదు అవ్వా."

అవ్వ నా వైపు చూసింది. ఇంకా పచ్చదనం పోని నా కండ్లే చూసిందో, ఏమో. కొంగు భుజం మీద సర్దుకొని మేడమ్ వైపు తిరిగి, "ఆ దినాలు మా పాప రాలేదు తల్లీ. ఆసుపత్రిలో పండుకోనుండె. వచ్చింది నేను. కొట్టేయండి" అనింది. అంత గట్టి మనిషి గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు. నాళప్ప ఒక్కో దినం నొక్కి కొట్టేస్తాంటే, అవ్వ ఆ కంప్యూటరునే చూస్తా నిలబడింది. సారుకు, ఇంగమీదట సర్క్యులర్లు చదవమని ఒక సర్క్యులర్ ఇచ్చినారు.

హాల్ టికెట్ ఖాయమైందని నేను మెట్లు ఎగురుకుంటా దిగుతాంటే, అవ్వ వెనకాల రైలింగు పట్టుకొని మెల్లగా వస్తాండె. "కూర్చున్న దినాలన్నీ ఉత్తివై పాయె గదా. నిద్ర కూడా పోలేదు నేను" అనింది, ఎవురితోనూ కాకుండా. చెరుకు రసం తాగుతావా అని అడిగినా. వద్దనింది. మా వెనకాల మెట్ల మీద గెస్ట్ సారు ఉన్నాడని అప్పుడు చూడలేదు.

పరీక్షలకు ముందు ఆఖరి క్లాసు దినం, హాల్ టికెట్ తెచ్చుకునేదానికి అవ్వ కూడా నాతోపాటు వచ్చింది. (నాళప్పను నమ్మలేమని ఆమే బయల్దేరింది.) ఉగ్గాని డబ్బా స్నేహితురాలి చేతికిచ్చి, తను లోపలికి రాకుండా వరండాలో గోడకు ఆనుకొని కూర్చునింది. "నా బద్లీ అయిపాయె, నాకు ఆడేం పని" అనింది. సారు నంబర్లు పిలిచినాడు. నా నంబరుకు నేనే పలికినా, సొంత గొంతుతో. ఆఖరి నంబరు అయిపోయినాక ఆయన ఫోను బల్ల మీద బోర్లించి, తలుపు వైపు తిరిగి ఒక పేరు పిలిచినాడు. మా అవ్వ పేరు, కమిటీ కాగితంలో చూసినట్టుండాడు. ఇంట్లో ఎవురూ పలకని పేరు. అమ్మ అత్తా అంటాది, నాయన అమ్మా అంటాడు, నేను అవ్వా అంటాను. మైన్సు పని పోయినప్పటి నుంచి ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్ళే లేరని నాకు అప్పుడే తట్టింది.

 వరండాలో ముసలామె గోడ పట్టుకొని లేచి, వాకిట్లోకి వచ్చి, నిటారుగా నిలబడి, "ఉండా" అనింది.

సారు తల ఊపి పాఠం మొదలుపెట్టినాడు. ఆ హాజరీ యాడా ఎక్కలేదు, ఎక్కించేదానికి ఫోన్లో జాగా లేదు. అవ్వకు అది తెలుసునో లేదో నేను అడగలేదు. తిరుగు బస్సులో కూరెకుప్ప ఊరు దాటినాక, ఖాళీ డబ్బా సంచిలో సర్దుకుంటా అనింది, "మీ మేస్త్రి మంచోడే."

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో కామర్స్ చెప్తాండా. నియమావళి కొత్తది వచ్చింది, పాతదానికంటే లావు. పిల్లోళ్ళు వచ్చి క్రెడిట్లని, ఎలెక్టివ్‌లని అడిగితే కండ్లద్దాలు సర్దుకొని గంభీరంగా జవాబు చెప్తా. వాళ్ళు అయోమయంగా మొగం పెట్టి పోతారు, నేను అంతకంటే అయోమయంగా కూర్చుంటా. అవ్వ పోయి సానా దినాలైంది. హాజరు తీసుకునేటప్పుడు ఏదన్నా నంబరుకు జవాబు రాకుంటే, వెంటనే ఆబ్సెంట్ నొక్కను. ఒకసారి తల ఎత్తి తలుపు వైపు చూస్తా. ఎవురూ ఉండరు. ఉండరని తెలిసి కూడా చూస్తాను గదా అని నాకు నేనే నవ్వుకొని, తర్వాతి నంబరు పిలుస్తా.