ఏ మందూ వాడదు

సంబంధం చూసే రోజుల్లో ఎవరో "అబ్బాయి మందు కొడతాడు" అన్నారట. తాగుబోతనుకుని పిల్ల తండ్రి సగం దారిలోంచే వెనక్కి తిరిగాడు. కొట్టేది గొంతులోకి కాదు, పురుగు పట్టిన పంట మీదికని తెలిశాకే పెళ్ళి జరిగింది. జుట్టు నెరిశాక కూడా అతని భార్య ఆ మాట తలుచుకుని నవ్వేది. ఊరందరికీ అతను మందుమామ.

మందుమామ జాగ్రత్తకు పెట్టింది పేరు. గాలికి ఎదురు నిలబడి కొట్టడు. కొట్టిన చేలో తను చెప్పేదాకా ఎవరినీ కాలు పెట్టనివ్వడు. ఇంటికొస్తే పెరట్లోనే సబ్బు అరిగేలా స్నానం చేసి గానీ గడప తొక్కడు. విప్పిన బట్టలు మాత్రం తొట్టిలో పడేసేవాడు. పగుళ్ళు బారిన చేతులతో ఆవిడ వాటిని తన చీరలతో కలిపే ఉతికేది. ఊరికంతా బుద్ధులు చెప్పిన మనిషికి ఆ తొట్టి కనబడలేదంటే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు వీపు మీది ట్యాంకు కారి చొక్కా తడిసి ముద్దయింది. అతను రెండుసార్లు స్నానం చేశాడు. ఆవిడ చొక్కా ఉతికింది. కాసేపటికే ఆవిడకు చెమటలు, వాంతులు, నోటి వెంట చొంగ. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"మందులేమైనా వాడుతుందా?" అడిగాడు డాక్టరు.

"ఏ మందూ వాడదండీ. తలనొప్పొచ్చినా మాత్ర మింగదు," అన్నాడు కాస్త గొప్పగానే.

తిన్నదేదో పడలేదనుకుని సెలైన్ పెట్టారు. కబురందుకుని అత్తారింటి నుంచి వచ్చిన కూతురు, పుట్టింటికెళ్ళి ఆరిన చీర ఒకటి తెచ్చింది. బట్ట మార్చబోయిన నర్సు చీర ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది.

"ఏంటిది, పురుగుమందు వాసనొస్తోంది?"

డాక్టరు పరుగున వచ్చి, రెప్పలెత్తి లైటు వేసి చూశాడు. "ఇది ముందే చెప్పాలి కదయ్యా!"

"మీరడిగింది నా మందు గురించనుకోలేదండీ," అన్నాడు మందుమామ. అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు.

అతను ఇప్పటికీ మందు కొడుతున్నాడు. వేరే పని రాదు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళను కేకేసి చెబుతాడు: "అమ్మా, చేలోంచి వచ్చిన బట్టలు మీవాటితో కలపకండి. మగాళ్ళవి మగాళ్ళనే ఉతుక్కోనివ్వండి."

తన బట్టలు తనే వేరుగా ఉతుక్కుంటాడు. కలపడానికి ఆ ఇంట్లో ఇంకెవరి బట్టలూ లేవు.