రాజు వీపు తిప్పిన పద్యం

బత్తలపల్లె దగ్గర మా ఊళ్లో పౌరాణిక నాటకం ఆడితే రాజు వేషం మా పెదనాయనదే. ఇచ్చిన మాట కోసం రాజు భార్యను అమ్మే ఘట్టం రాగానే, ఆయన జనానికి వీపు తిప్పి పద్యం పాడేవాడు. “ఏమప్పా రాజా, మేం ఈడుండాం!” అని జనం అరిచినా తిరిగేవాడు కాదు.

కళాశాల వాదపోటీలలో గెలిచిన ఉత్సాహంతో, ఒకసారి నాటకం ముగియగానే వేదికెక్కి ఆయనను నిలదీశాను: “మాట ఇచ్చింది రాజు, అమ్ముడుపోయింది భార్య. దీన్ని ధర్మమని ఎట్లా పొగుడుతున్నాం?” జనం చప్పట్లు కొట్టారు.

ఆయన నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: “కరువులో మన బోరు నీళ్లు పక్క చేనికి ఇస్తానని మాటిచ్చినా. మీ పెద్దమ్మ సాకిన చీనీ పండ్ల చెట్లన్నీ ఎండిపాయ. నాటకమాడేటప్పుడు ఆయమ్మ ముందర్నే కూచోనుంటాది. ఏ మొగం పెట్టుకోని పాడల్ల?”

మళ్లీ ఆయన ఆ వేషం వేయలేదు. నా వాదంలో లోపం లేదని నేటికీ నమ్ముతాను. “నీ కోసమే అడిగినా పెద్దమ్మా” అని ఆమెతోనూ అన్నాను.

“చెట్ల గురించి మీ పెదనాయన ఇంట్లో ఒక్క మాటా అనలే పాపా. తప్పు ఒప్పుకునేది ఆ పద్యంలోనే. దాని కోసరమే నేను నాటకానికి పోతాంటి. దాన్నీ లేకుండా చేస్తివి.”