మూరకు నాలుగేళ్లు తక్కువ

మా బాపు తుపాకి ఇంట్లో ఉన్న రోజుల కంటే ఠాణాలో ఉన్న రోజులే ఎక్కువ. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ తీసుకెళ్లి అప్పజెప్పాలి. తెలంగాణ వచ్చాక మాకు ఎన్నికలకేం కరువు? అసెంబ్లీ అయిందనుకుంటే సర్పంచి, సర్పంచి అయిందనుకుంటే పార్లమెంటు. ప్రతిసారీ బాపు దాన్ని పాత తుండుగుడ్డలో చుట్టి, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని, కూతుర్ని అత్తగారింట్లో దింపడానికి పోతున్నట్టు మొహం పెట్టి వెళ్లేవాడు.

ఒకసారి అట్లా వెళ్లిన తుపాకి చెదలు పట్టి తిరిగొచ్చింది. గొట్టం బాగానే ఉంది. భుజానికి ఆనించే కట్టెను మా దగ్గర కుందా అంటారు. అదే వెనకవైపు సగం పొడైపోయింది. రసీదులో మాత్రం ‘మంచి స్థితిలో అందినది’ అని రాసి బాపు చేత సంతకం పెట్టించుకున్నారు. చూడకుండా ఎట్లా పెట్టావని నేను ఎగిరితే, “సంతకం వెట్టినంకనే గుడ్డ ఇప్పనిచ్చిన్రు” అన్నాడు.

మాది గద్వాల వైపు నేత కుటుంబం. కొత్తకోటలో బస్సు దిగి లోపలికి పోవాలి. మగ్గం నేసేవాళ్లకు తుపాకి ఏమిటని అందరూ అడుగుతారు. మాకు మూడెకరాల పల్లి చేను ఉంది, దాన్ని తవ్విపోసే అడవి పందులూ ఉన్నాయి. పంట కాపుకని తాత తీసుకున్న లైసెన్సు తర్వాత బాపు పేరు మీదికి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క పందీ చావలేదు. బాపు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఆకాశంలోకి పేలుస్తాడు. ఆ చప్పుడుకు పందులు పక్కవాళ్ల చేలోకి పోతాయి. పక్కవాళ్లు వచ్చి బాపును నోటికొచ్చినట్టు తిట్టి, తమ చేలో కూడా ఒకటి పేల్చమని బతిమాలి తీసుకుపోతారు.

ఊరంతా ఆయన్ని తుపాకి తాత అంటుంది. రెండేళ్ల కింద కళ్లు ఆనక మగ్గం విప్పేశాం. అప్పట్నుంచి ఆయన పేరుతో ఊళ్లో మిగిలింది ఈ తుపాకి ఒక్కటే. చెదలు పట్టి వచ్చిన కొన్నాళ్లకే లైసెన్సు రెన్యువలుకు వచ్చింది. కొత్త ఎస్సై ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పెద్దాయనా, పదిహేను రోజులల్ల దీన్ని సక్కగ చేయించుకొని రా. భుజానికి పెట్టి చూపియ్యాలె. నీతోని కాకుంటె ఈడనే ఇచ్చి పో” అన్నాడు.

ఇచ్చెయ్యమని నేనూ అమ్మా పోరు పెట్టాం. బాపు అన్నం మానేశాడు. ఆకలికి ఆగలేక రాత్రికే తిన్నాడు గానీ, మాతో మాటలు మాత్రం మానేశాడు. ఆ మొహం చూడలేక, నన్ను నేను తిట్టుకుంటూ, కొత్త కుందా కోసం, నేను కొలువు చేసే హైదరాబాదులోని ఒక తుపాకుల దుకాణానికి బయలుదేరాను.

దుకాణం ఆయన తెల్ల గడ్డం పెద్దమనిషి. నమూనాకని తెచ్చిన పాత కుందాను గాజు బల్ల మీద పెట్టగానే నాలుగు చెదపురుగులు బయటికొచ్చి షికారు మొదలుపెట్టాయి. “అరె, జిందా ఉన్నయి సాబ్! నా దుకాన్ల అంత కట్టెనే ఉన్నది!” అని ఆయన గావుకేక పెట్టి, కుందాను, నన్ను కలిపి బయటికి నెట్టాడు. మిగతా బేరమంతా ఫుట్‌పాత్ మీద జరిగింది. ఆయన ఒక్కో కుందా తెచ్చి గడపలోంచి చూపిస్తాడు. నేను ఫోన్ ఎత్తి వీడియోలో బాపుకు చూపిస్తాను. పని లేని జనం చుట్టూ చేరారు.

మొదటిది నల్ల ప్లాస్టిక్‌ది. తేలిక, చెద పట్టదు. బాపు, “గది తుపాకా, టీవీ రిమోటా?” అన్నాడు. రెండోదాని మీద ఆకులూ కొమ్మలూ అచ్చేసి ఉన్నాయి.

“గా ఆకులెందుకు?”

“అడవిల కనవడకుండ పెద్దాయనా.”

“పందులకా, నాకా? చేన్ల పెట్టి మర్చిపోతె నేనెట్ల దేవులాడాలె?”

మూడోది అక్రోటు కట్టె. గోధుమ రంగు, లోపల నీళ్లు కదిలినట్టు చారలు. బాపు ఏమీ అనలేదు. ఆయన నోరు మూసుకున్నాడంటే నచ్చిందని అర్థం.

“ఏ కన్ను మూస్తరు పెద్దాయనా?” అని దుకాణం ఆయన కాగితం తీశాడు.

“రొండు.”

ఆయన నా వైపు చూసి, కుందా ఏ చెంపకు ఆనినా పర్వాలేదని రాసుకున్నాడు.

ఇక పొడవు. చెద తిన్నది భుజం వైపే కాబట్టి, వేలితో నొక్కే మీట నుంచి భుజం దాకా ఎంత ఉండాలో పాతదాన్ని చూసి చెప్పే దారి లేదు. బాపునే అడిగాడు.

“నా మూరకు నాలుగేళ్లు తక్కువ” అన్నాడు బాపు.

“వయసు కాదు పెద్దాయనా, లంబాయి చెప్పున్రి.”

“నేను గదే చెప్తున్న! నాలుగేళ్లు!” బాపు తెర నిండా చెయ్యి పెట్టి నాలుగు వేళ్లు ఆడించాడు. అప్పుడు గాని ఆయనకు ఎక్కలేదు.

“మీ మూర ఈడికెట్ల వస్తది మరి?”

“మావోడు ఉన్నడు గద. ఆని మూర, నా మూర ఒకటే. ఆడు ఇంటర్ల ఉన్నప్పుడే కొలిచిన.”

అది నిజమే. ఒకరోజు మగ్గం అడ్డకర్ర మీద నా మోచెయ్యి పక్కన తన మోచెయ్యి ఆనించి, నడిమి వేళ్లు చూసి, “సమానం” అన్నాడు. ఆ రోజు నుంచి నూలు కొలిచే పని నా నెత్తిన పడింది. దుకాణం ఆయన ఫుట్‌పాత్ మీద నా చెయ్యి చాపించి టేపు పెట్టాడు. దర్జీ అనుకున్నాడేమో, ఒకాయన వచ్చి ప్యాంటు పొట్టి చేస్తారా అని అడిగాడు.

వారానికి కుందా తయారైంది. సెలవు పెట్టి ఊరికి తెచ్చాను. తూటాలు అమ్మ బియ్యం డబ్బాలో దాచేసింది. బాపు రెండు మరలు బిగించి తుపాకి భుజానికి పెట్టాడు. వేలు మీటకు అందలేదు. చొక్కా మందమని చొక్కా విప్పాడు. అందలేదు. బనీను విప్పాడు. “ఆకిట్ల గదేం యేషం!” అని అమ్మ తలుపు మూసింది. కట్టె తేమకు ఉబ్బిందని తేల్చి మూడు రోజులు ఎండబెట్టాడు. పక్కనే అమ్మ వడియాలు పెట్టింది. వడియాలు ఎండాయి, కుందా ఎండలేదు. నేను ఒకసారి నా భుజానికి పెట్టి చూస్తే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. “నీకు వట్టిందంటె నాకు గుడ వట్టాలె” అని లాక్కుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

గడువు ఒక్క రోజు ఉందనగా కర్రపని చేసే వడ్లాయన దగ్గరికి పోయాం. కొయ్యమనడానికి బాపుకు నోరు రాలేదు. “జర రందా కొట్టు” అన్నాడు, కాస్త చిత్రిక పట్టమని. కొట్టాడు. అందలేదు. మళ్లీ కొట్టాడు. నాలుగోసారికి వడ్లాయనకు మండింది. “గిట్ల రందా కొట్టుకుంట పోతె అగ్గిపుల్ల అయితది తాతా. కొయ్యాల్నా, వద్దా?” బాపు అటు తిరిగి తల ఊపాడు. రెండు వేళ్ల మందం కట్టె కింద పడింది. వేలు మీటకు అందింది.

మర్నాడు ఠాణాకు పోతే ఎస్సై లేడు. ఆలంపూర్ జాతర బందోబస్తుకు వెళ్లాడట. రైటర్ తుపాకి నంబరు సరిచూసుకుని, ముద్ర వేసి, పుస్తకం చేతిలో పెట్టాడు. భుజానికి పెట్టి చూపించమని ఎవరూ అడగలేదు. బాపు ఊరుకుంటాడా? ఠాణా నడుమ నిలబడి, రెండు కళ్లూ మూసుకుని, పెట్టి చూపించాడు. దరఖాస్తు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు బల్ల కిందికి దూరారు. “సూసిన తాతా, సూసిన, దించు!” అన్నాడు రైటర్.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు నవ్వు ఆగడం లేదు. బాపు నవ్వలేదు. జేబులోంచి ఆ కోసిన ముక్క తీసి కాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి లాగి, నా మోచేతి పక్కన తన మోచెయ్యి పెట్టి ఆనించాడు. ఆయన వేళ్లు చాచుకోవడం లేదు. మగ్గం మీద వంగిన వేళ్లు వంగినట్టే ఉన్నాయి. రెండో చేత్తో ఒత్తి సాపు చేశాడు. వదలగానే మళ్లీ ముడుచుకున్నాయి.

“ఎప్పుడు గిట్లైన్రా నేను? నువ్వన్న చెప్పొద్దా?” అన్నాడు.

ప్రతి ఆదివారం వస్తాను. తింటాను, తుపాకి మీద కొట్లాట పెట్టుకుంటాను, బస్సెక్కుతాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“నేను గుడ సూడలే బాపు” అన్నాను.