తీగ తగిలించని సబ్‌వూఫర్

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు రోజు ఏం తిన్నారని అడిగే మనిషిని నేను. దయ్యాలూ ఆత్మలూ నా బుర్రకు ఎక్కవు. చేసే పని కూడా అలాంటిదే. చిక్కపేట నగల దుకాణాల్లో తూకం యంత్రాలు సరిచేస్తాను. అంకె ఎందుకు కదిలిందో కారణం దొరికేదాకా వదలను. ఈ ఒక్క విషయంలో నాకు కారణం దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అక్క సరోజకు తొమ్మిదేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. చిక్కపేటలో మా మూడో అంతస్తు ఇంట్లో నాతోనే ఉంటూ బ్లౌజులు కుడుతుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట తెలుసుకుంటుంది. పాట కావాలనిపిస్తే స్పీకరు మీద అరచెయ్యి పెడుతుంది.

ఇంట్లో ఉన్న చిన్న స్పీకర్లలో ఆమె చేతికి అందేది చాలా తక్కువ. అందుకే డప్పు దెబ్బల్లాంటి లోతు మోతలు పలికే పెద్ద స్పీకరు, ఒక సబ్‌వూఫర్ కొందామనుకున్నాను. ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ అంగళ్ళలో నాలుగైదు రకాలు పెట్టించి చూశాం. అక్క ఒక్కోదాని మీద చెయ్యి ఆనించి పెదవి విరిచేసింది.

"ఇవి వణకతా ఉండాయప్పా, కొట్టడం లేదు," అంది.

అంగడివాడు నవ్వాడు గానీ ఆమె చెప్పింది నిజమే. అవన్నీ గాలి బయటికి వెళ్ళే గొట్టం పెట్టిన పెట్టెలు. మోత ఎక్కువ, దెబ్బ వెనక దెబ్బ అలుక్కుపోతుంది. అన్ని వైపులా మూసిన పెట్టెలో మోత తగ్గుతుంది, ఏ దెబ్బకా దెబ్బ విడిగా తెలుస్తుంది. అందుకని పన్నెండు అంగుళాల స్పీకరు ఒక్కటే కొని, పెట్టె మనమే చేయించుకుందామని తేల్చుకున్నాం.

బొమ్మనహళ్ళిలో వీరాచారి అని ఒక వడ్రంగి ఉన్నాడు. కదిరి వైపు మనిషి. ఒక్కడే పనిచేసుకుంటాడు. మందమైన ప్లైవుడ్‌తో, లోపల అడ్డపట్టీలు వేసి చేస్తానన్నాడు. అక్క పట్టుబట్టి రెండుసార్లు నాతో వచ్చింది. అతనికి ఒక అలవాటుంది. అతికించిన ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఎక్కడైనా డొల్లగా మోగితే ఊడదీసి మళ్ళీ అతికిస్తాడు. అతను కొడుతుంటే అక్క అవతలి వైపు అరచెయ్యి ఆనించి నవ్వేది. రెండోసారి వెళ్ళినప్పుడు ఎక్కడ డొల్లగా ఉందో అతనికంటే ముందు ఆమే చూపించింది.

"అమ్మా, నీ చెయ్యి నా చెవి కన్నా మేలుంది," అన్నాడు వీరాచారి.

శనివారం పెట్టె ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున స్పీకరు మరలు బిగించాను. దాన్ని నడిపే ఆంప్లిఫయర్ ఇంకా అంగడి నుంచి రాలేదు. అంటే ఆ స్పీకరుకు ఒక్క తీగ కూడా తగిలించలేదు. ఈ మాట ముఖ్యం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క ఆ పెట్టెకు వీపు ఆనించి కూర్చుని బ్లౌజుకు హుక్కులు కుడుతోంది. ఉన్నట్టుండి సూది ఆపి నా వైపు చూసింది.

"శీనా, ఏం పాట పెట్టినావు?"

ఏమీ పెట్టలేదన్నాను. ఆమె తిరిగి కూర్చుని రెండు చేతులూ పెట్టె మీద పరిచింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని దాని మీద వేళ్ళతో కొట్టి చూపించింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా.

"ఆచారి కొడతా ఉండాడు," అంది.

నేనూ చెయ్యి పెట్టాను. నాకేమీ తెలియలేదు. మా వీధి కింద మెట్రో పోతుంది కాబట్టి ముందు దాని మీదే అనుమానం వచ్చింది. కింది అంతస్తుకు దిగి నీళ్ళ మోటరు చూశాను, ఆగి ఉంది. ఇంట్లో నగల తూకం యంత్రం ఒకటి రిపేరుకు వచ్చి ఉంది. పక్కన ఫ్యాను తిరిగినా దాని అంకె నిలవదు. ఫ్యాను ఆపేసి దాన్ని పెట్టె మీద పెట్టాను. అంకె సున్నా దగ్గరే నిలిచింది. అక్క చెయ్యి దాని పక్కనే ఉంది. ఆమె వేళ్ళతో లెక్క వేస్తూనే ఉంది, రెండు, ఒకటి, రెండు, ఒకటి. ఆమె మొహంలో నవ్వు లేదు.

"సుమ్నే ఊరికే నిలబడొద్దు, ఆయనకు ఫోన్ చెయ్యి."

ఆమె తృప్తి కోసం చేశాను. మూడు దాటి పన్నెండు నిమిషాలని ఫోనులో ఇప్పటికీ ఉంది. అవతల మోగడం మొదలైన కాసేపటికే అక్క చేతులు పెట్టె మీంచి తీసేసింది.

"నిలిచిపోయింది," అంది.

అతను ఎత్తలేదు. నేను మళ్ళీ చేసేలోపు ఆమె చెప్పులు వేసుకుంది. ఆదివారం కదా, పడుకుని ఉంటాడని అన్నాను. నా పెదవుల వైపు చూడనైనా చూడలేదు. అంటే ఇక నా మాట వినదని అర్థం.

ఆటోలో దాదాపు గంట పట్టింది. దారి పొడుగునా ఆమె అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. నాకు కోపంగానే ఉంది. మనిషి దొరక్కపోతే ఏం చెప్పి వెనక్కి తీసుకురావాలా అని ఆలోచిస్తున్నాను.

షాపు షట్టరు పూర్తిగా దించి ఉంది, కానీ తాళం లేదు. బయటి నుంచి ఫోన్ చేస్తే లోపల మోగింది. పక్క టీ కొట్టు ఆయన్ని పిలిచి ఇద్దరం షట్టరు ఎత్తాం. గోడకు నిలబెట్టిన ప్లైవుడ్ పలకలన్నీ జారి నేల మీద పడి ఉన్నాయి. వాటి కింద నుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి.

ఒక్కో పలకా ఎత్తి పక్కన పడేశాం. అక్క కూడా ఎత్తింది. వీరాచారి వెల్లకిలా పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది, పెదవులు నల్లబడ్డాయి. ఎండ పడుతోందని షట్టరు దించి, అన్నిటికన్నా వెనకున్న పలక లాగబోతే మొత్తం మీద పడ్డాయట. ఆసుపత్రిలో చేర్చాం. పక్కటెముకలు మూడు విరిగాయి, ఒక కాలు విరిగింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నారు.

టీ కొట్టు ఆయన ఆ రోజంతా అదే మాట. "నేను పక్కనే ఉండాను, పలకలు పడిన సద్దు రోజూ ఉండేదే అనుకున్నా, ఆ తర్వాత ఏ సద్దూ రాలేదే."

నేను అప్పటికి ఒక సమాధానం కుదుర్చుకున్నాను. సాయం కోసం అతను పలకను కొట్టాడు. అక్కకు ఎలాగో తెలిసింది. ఎలా తెలిసిందన్నది పెద్ద ప్రశ్నే, కానీ కొట్టిన మనిషంటూ ఒకడున్నాడు కదా.

వారం తర్వాత అక్కా నేనూ ఆసుపత్రికి వెళ్ళాం. ఎట్లా తెలిసి వచ్చినారని వీరాచారి అడిగాడు. నువ్వు కొట్టింది అక్కకు తెలిసిందన్నాను.

"నేను కొట్టలేదు సార్," అన్నాడు. "చేతులు రెండూ నా నడుం కింద చిక్కుకున్యాయి. ఎట్ల కొడతా?"

అతనే మళ్ళీ అన్నాడు.

"సద్దు మాత్రం విన్యా. నా మొకం మీదుండే పలక మీదే. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఎవరో వచ్చినారనుకోని ఉండే గొంతుతో పిలిస్తి. ఎవరూ బదులియ్యలేదు. కొడతానే ఉన్యారు. ఫోను మోగినాక ఆగిపాయ."

అక్క అతని పెదవుల వైపు చూస్తోంది. ప్రతి మాటా ఆమెకు అర్థమైంది.

ఆ తర్వాత నేను ఆలోచించని కారణం లేదు. నొప్పిలో అతను భ్రమపడ్డాడనుకుంటే, ఇన్ని మైళ్ళ దూరంలో ఉన్న అక్కకు అదే భ్రమ, అదే వేళకు ఎందుకు కలగాలి? ఆమె ఊహించుకుందనుకుంటే, నేను ఫోన్ చేయగానే ఆగిన సంగతి అతనెలా చెప్పాడు? ఆ మాట మేం అతనికి చెప్పలేదు.

వీరాచారి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆంప్లిఫయర్ వచ్చింది. సబ్‌వూఫర్ బాగా పనిచేస్తోంది, ఏ దెబ్బకా దెబ్బ విడిగా అందుతోందని అక్క సంబరపడుతుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఆ కొట్టింది ఎవరై ఉంటారక్కా అని.

ఆమె హుక్కు కుట్టి, దారం తెంపి అంది. "ఎవరైతే ఏమప్పా. మనం పోయినాం కదా."

ఆమెకు అది చాలింది, నాకు చాలలేదు. ఇప్పటికీ హాల్లో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఆ పెట్టె మీద చెయ్యి పెట్టను. పెట్టినా నాకేమీ తెలియదని తెలుసు. అయినా పెట్టను.